ముందు ఊగిందా, ముందు విరిగిందా

మొన్న ఎండాకాలం మా వీధిలోకి రోళ్ళు అమ్ముకునే మొగుడూ పెళ్ళాం వచ్చారు. మోటారుసైకిలు వెనక ఇనప తొట్టి ఒకటి తగిలించుకుని, అందులో రోళ్ళూ పొత్రాలూ సన్నికళ్ళూ పేర్చుకుని ఊరూరా తిరుగుతున్నారు. మా వసారా నీడలో బండి ఆపి చెంబుడు నీళ్ళడిగారు. మొగుడు నీళ్ళు తాగుతుండగా ఆమె తొట్టిలోకి ఎక్కి, వెనకవైపున్న పెద్ద రోలును దొర్లించి ముందుకు తేవడం మొదలుపెట్టింది. "ఇంకెంత దూరం, పక్కూరే గదా, పోనీవే" అన్నాడతను. "నువ్వు పో. నేనెక్కను. నా పిల్లలకి తల్లి కావాల" అన్నదామె రోలు వదలకుండా. నాకు ఊరుకోవడం చేతకాదు. ముందున్నా వెనకున్నా అదే బరువు గదమ్మా, ఎండలో ఎందుకా అవస్థ అన్నాను. ఆమె నడుం నిలబెట్టి, నా తెల్లజుట్టు చూసి కాస్త మర్యాద తెచ్చుకుని చెప్పింది. "అట్టా కాదు తాతా. ఎనక బరువెక్కువైతే దిగుడులో తొట్టి తోకూపుద్ది. మొదలెట్టిందంటే ఇంక నీ మాట ఇనదు. బ్రేకేస్తే ఇంకా ఊపుద్ది. కొక్కెం ఊడిందాకా ఊపుద్ది."

నీకెవరు చెప్పారని అడిగాను. "ఎవురో చెప్పేదేంది? ఒకసారి పడితే తెలవదా?" అని నవ్వి, రోలు సర్దుకుని, మొగుడి వెనక కూర్చుని వెళ్ళిపోయింది. నేను వసారాలోనే కూలబడ్డాను. నలభై ఏళ్ళుగా నా బుర్రకెక్కని సంగతి, మొగుడు నీళ్ళు తాగినంతసేపట్లో చెప్పేసిపోయింది. సంతోషం కలగాల్సింది. కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. ఆమె మీద కాదు. నాకు ఐదో తరగతి దాకా చదువు చెప్పిన పంతుళ్ళ మీదా? చచ్చిపోయిన మా నాయన మీదా? నా మీదా? ఆ పూట అన్నం సయించలేదు. మా ఆవిడ ఏమైందని అడిగితే రోళ్ళ బండి వచ్చిందని చెప్పాను. రోళ్ళ బండి వస్తే అన్నం మానేసే మనిషిని ఈమె ఇప్పుడే చూస్తున్నట్టుంది, కంచం తీసుకుని లోపలికి పోయింది.

మాది కారంపూడి పక్కన పల్లెటూరు. నాయన ఎద్దులబండి తోలేవాడు. కారంపూడి బియ్యం మిల్లులో తవుడు ఎత్తుకుని, మెట్ట ఊళ్ళలో గేదెలున్న ఇళ్ళకు చేరవేసేవాడు. మా ఇంట్లో అన్నీ తవుడు వాసనే. మంచం నులకలో తవుడు, అమ్మ తలకొప్పులో తవుడు, నీళ్ళకుండ మూత మీద సన్నటి పొరగా తవుడు. అమ్మ పొద్దున్నే లేచి ముందు ఇల్లు ఊడ్చేది కాదు, ముందు మూతలన్నీ తుడిచేది. నాయన చొక్కా ఉతికే ముందు దండెం మీద వేసి చీపురుతో కొట్టేది. ఆ కొట్టిన చప్పుడుకే మేం నిద్ర లేచేవాళ్ళం. వానాకాలం తవుడు ముక్కిన వాసన వచ్చేది; అప్పుడు మాత్రం అమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, "ఈ ఇంటికి నన్నిచ్చిన మా నాయనకి ముక్కు లేదు" అనేది. నాయన వినపడనట్టు ఎద్దుల దగ్గరికి పోయేవాడు.

ఎద్దులంటే ఆయనకు మనుషులకన్నా ఎక్కువని నేననను. మనుషులతో ఆయనకు మాటలు తక్కువ, ఎద్దులతో ఎక్కువ. సాయంత్రం కాడి దించగానే వాటి మెడ మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకునేవాడు. వేడి ఉంటే ఆముదం, పసుపు కలిపి రాసేవాడు. మెడ కందిన రోజున తానూ అన్నం సగమే తినేవాడు. బండికి బరువెత్తడంలో ఆయన పద్ధతి ఆ చుట్టుపక్కల బండ్లవాళ్ళకి అందరికీ తెలుసు. బస్తాలన్నీ పేర్చాక, ఎద్దుల్ని కట్టకముందు, ముందుకొచ్చి కాడి కింద రెండు వేళ్ళు పెట్టి లేపేవాడు. రెండు వేళ్ళకు లేవాలి. లేవకపోతే ముందు బరువెక్కువైనట్టు, ఎద్దు మెడ మీద పడుతుందన్నమాట. దానంతటదే పైకి లేస్తే వెనక బరువెక్కువైనట్టు, పలుపు ఎద్దు గొంతుకు బిగుస్తుందన్నమాట. అయిందాకా బస్తాలు జరిపిస్తూనే ఉండేవాడు. మిల్లు హమాలీలు విసుక్కునేవాళ్ళు. "ఏంది మావా, తవుడు తోలతన్నావా, బంగారం తూస్తన్నావా?" అనేవాళ్ళు. "నీ మెడ మీద ఎత్తి చూపిస్తా, దా" అనేవాడు నాయన.

ఒక ఎద్దు జబ్బు చేసి పోయింది. జత దొరక్క రెండోదాన్ని అమ్మేశాడు. దాన్ని తోలుకుపోయిన రోజు నుంచి నాయన మంచం మీద గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టాడు. అప్పటికి నాకు పాతికేళ్ళు దాటాయి. మిల్లులో రాసేపని చేస్తున్నాను. చదువు ఐదుతో ఆగినా, పాత కాగితాల కొట్లో తూకానికి వచ్చిన పుస్తకాలన్నీ చదివి ఉన్నాను గనక, నాకు అన్నీ తెలుసనుకునే వయసు. వినుకొండలో ఒకాయన ముసలి బుల్లెట్టు అమ్ముతున్నాడంటే వెళ్ళి తెచ్చాను. దాని వెనక తొట్టి కట్టి తవుడు తోలతానని ఇంట్లో చెప్పాను. నాయన గోడవైపు నుంచి ఇటు తిరిగాడు. "మోటారుసైకిలికి తొట్టేందిరా?" అన్నాడు. "ట్రాక్టరుకి లేదా?" అన్నాను. "ట్రాక్టరు దున్నపోతు. ఇది గిత్త. గిత్తకి కాడి ఏసి చంపుతావా?" అన్నాడు. అయినా ఇటు తిరిగాడు గదా, నాకదే చాలనిపించింది.

తొట్టి చేసింది మస్తానన్న. కారంపూడిలో మాచర్ల రోడ్డు మీద రేకుల షెడ్డు, అందులో కరెంటు వెల్డింగు. నాగళ్ళు, గుంటకలు, ట్రాక్టరు గొర్రులు విరిగితే చుట్టూ పది ఊళ్ళవాళ్ళు అతని దగ్గరికే తెచ్చేవాళ్ళు. నాకన్నా పదేళ్ళు పెద్ద. పొట్టివాడు, మెడ లేనట్టు ఉండేవాడు. అతుకు వేశాక ఇనుము చల్లారనిచ్చి, దాని మీద తానే ఎక్కి నిలబడి రెండుసార్లు ఎగిరి దూకేవాడు. అప్పుడే వస్తువు రైతు చేతికిచ్చేది. "ఇంకోచోట విరిగితే నన్నడగమాక. నేనేసిన చోట విరిగితే మాత్రం షెడ్డుకి తాళమేసి పోతా" అనేవాడు. అందరితోనూ అదే మాట. "తాళం కొన్నావా అసలు?" అని రైతులు ఎగతాళి చేసేవాళ్ళు. "అవసరం రాలా" అనేవాడు.

స్కూటరు చక్రాలు రెండు సంపాదించి, కోణాల ఇనుముతో చట్రం కట్టి, పక్కలకు పాత పీపా రేకులు కొట్టాడు. ముందుకు పొడుగాటి కమ్మీ; దాని కొసన కన్నం. బుల్లెట్టు వెనక చట్రానికి ఒక ఇనప కొక్కెం అతికి, ఆ కన్నాన్ని దానికి తగిలించి పిన్ను వేసేలా చేశాడు. ఆ కమ్మీని నాయన, ఎద్దులబండికి ముందుండే కొయ్యలాగే, నొగ అనే అనేవాడు. తొట్టి తయారైన రోజు నాయన మంచం దిగి, కారంపూడి వచ్చి, దాని చుట్టూ మూడుసార్లు తిరిగాడు. "ఏం పెద్దనాయనా, ఎట్టా ఉంది?" అన్నాడు మస్తానన్న. "బానే ఉంది. పేడ వెయ్యదు, అదొక్కటే లోటు" అన్నాడు నాయన. ఎద్దు పోయాక ఆయన నవ్వగా చూడటం అదే మొదటిసారి. మస్తానన్న భార్య కాశింబీ వదిన టీ తెచ్చింది. మొదటి బేరం తవుడు మా గేదెకే అన్నది.

కొన్ని నెలలు బాగా నడిచింది. తవుడే తోలాం. తవుడు తేలిక, తొట్టి నిండా సమంగా పరుచుకుంటుంది. ఎదురొచ్చినవాళ్ళు, "ఏందిరా కోటయ్యా, ఎద్దునమ్మి బుల్లెట్టుని ఎద్దు చేశావు? దీనికీ ముక్కుతాడు ఏస్తావా?" అని కేకలేసేవాళ్ళు. నాయన ఊళ్ళో అరుగుల దగ్గర కూర్చుని తొట్టి గురించి చెప్పడం మొదలుపెట్టాడు. తానే చేయించినట్టు చెప్పేవాడు. నేను అడ్డం చెప్పలేదు.

ఆ రోజు మొదటిసారి గేదెల దాణాకి పత్తిగింజల చెక్క ఎత్తాం. చెక్క బస్తా అంటే రాయి. హమాలీలు తమకు వీలుగా ఉన్నచోట, తొట్టి ముందువైపున, ఆరు బస్తాలూ పడేసి, వెనక ఖాళీలో తవుడు నింపారు. నొగ తగిలించేసరికి బుల్లెట్టు వెనక స్ప్రింగులు కుంగిపోయి, బండి కూర్చున్నట్టయింది. నాయన చూశాడు. ఆయన ముఖం మారిపోయింది.

"ఒరేయ్, దాని నడుం చూడరా. కూలబడిపోయింది."

"ఇనుం నాయనా. దానికి నడుమేంది?"

"ఇనుమైతే? మోసేదానికల్లా నడుముంటది. దించు. దించి చెక్కంతా వెనక్కెయ్యి."

దించాం. చెక్క బస్తాలు తొట్టి చివరికి పోయాయి, తవుడు ముందుకొచ్చింది. నాయన వచ్చి నొగ కింద రెండు వేళ్ళు పెట్టాడు. లేచింది. ఎంత హాయిగా లేచిందో! ఆయన నావైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది. ఇన్నాళ్ళకు మళ్ళీ తన విద్య పనికొచ్చిన మనిషి చూపు అది. బుల్లెట్టు నిటారుగా నిలబడింది. నేనూ మెచ్చుకున్నాను. అంతటితో ఆగలేదు. తానూ వస్తానన్నాడు. ముందు కూర్చోమంటే, "నేను ముందు కూకుంటే మళ్ళా దాని మీదే పడుద్ది" అని చివరన, చెక్క బస్తాల మీద, వెనక్కి తిరిగి కాళ్ళు వేలాడేసి కూర్చున్నాడు.

వాగు వంతెనకు ముందు రోడ్డు దిగుడు. సగం దిగాక నా కింద బండి వెనక ఎవరో పట్టుకుని అటూ ఇటూ లాగుతున్నట్టనిపించింది. మొదట మెల్లగా. నాయన కదులుతున్నాడేమోనని, "కుదురుగా కూకో నాయనా" అని అరిచాను. "నేను కుదురుగానే ఉన్నా, నువ్వే సరిగా తోలు" అని వెనకనుంచి ఆయన అరిచాడు. ఊపు పెరిగింది. హ్యాండిలు నా చేతుల్లో లేదు. బ్రేకు నొక్కాను. తొట్టి ఒక పక్కకు విసురుగా కొట్టుకుంది, తర్వాత రెండో పక్కకు, అప్పుడు టప్పున చప్పుడైంది. బండి ఒక్కసారిగా తేలికైపోయి నేను ముందుకు పోయి పడ్డాను. లేచి చూస్తే తొట్టి బోర్లా పడి ఉంది. రోడ్డంతా తవుడు. నాయన కాలి మీద బస్తా ఉంది.

పక్క చేలో పత్తి ఏరేవాళ్ళు పరిగెత్తుకొచ్చారు. బస్తా లాగారు. ఒకడు కొక్కెం దగ్గరికి పోయి, విరిగిన ముక్క ఎత్తి అందరికీ చూపించాడు. "అతుకు ఊడిందిరో" అన్నాడు. నిజమే, విరిగింది సరిగ్గా అతుకు దగ్గరే. "మస్తానుగాడి అతుకేనా?" అని ఇంకొకడు. నాయన రోడ్డు మీద పడుకుని, నొప్పితో పళ్ళు బిగించి, "అతుకు ఊడిందా?" అని నన్నడిగాడు. అందరూ నన్నే చూశారు. నేను ముందు ఊగిందని చెప్పాలి. నోరు తెరిచాను కూడా. కానీ ఊగిందంటే ఎవరు ఊపినట్టు? తోలింది నేను. బుల్లెట్టు నేర్చుకుని ఏడాది కాలేదు. తోలటం రాక కన్నతండ్రి కాలు విరగ్గొట్టాడంటారు. నేనూ అదే అనుకుంటున్నాను ఆ క్షణంలో. "ఊడింది నాయనా" అన్నాను. అబద్ధం కాదు గదా, ఊడింది. ఈ ఒక్క మాటను ఇన్నేళ్ళుగా ఎన్నిసార్లు తిప్పి చూసుకున్నానో! ఏ వైపు నుంచి చూసినా అబద్ధంలా కనిపించదు. అదే నన్ను తికమకపెడుతుంది.

ఆస్పత్రిలో కట్టు వేసిన రెండో రోజు మస్తానన్న వచ్చాడు. కాశింబీ వదిన గిన్నెలో ఏదో వండి పంపింది. అమ్మ ఆ గిన్నెను తాకలేదు. నాయన గోడవైపు తిరిగాడు. మస్తానన్న గిన్నె కింద పెట్టి, నన్ను వరండాలోకి పిలిచాడు.

"కోటయ్యా, ఏం జరిగింది?"

"అతుకు ఊడింది."

"అది ఊరంతా చెబుతున్నారు. నేను నిన్నడుగుతున్నా. అక్కడున్నది నువ్వు. అది ఊరికే ఊడలేదు. ఊడే ముందు ఏం జరిగింది?"

నేను వరండా గచ్చు చూశాను. "ఏమో అన్నా. దిగుతుంటే ఊడింది. నాకేం తెలవదు" అన్నాను. అతను వంగి నా ముఖంలోకి చూడబోయాడు. నేను తలెత్తి ఉంటే చెప్పి ఉండేవాణ్ణేమో. ఎత్తలేదు. లోపలినుంచి నాయన గొంతు వినిపించింది. "వాణ్ణి పొమ్మనరా." అతను పోయి ఆస్పత్రి మెట్ల మీద కూలబడ్డాడు. గిన్నె అమ్మే తీసుకెళ్ళి, మెట్ల మీద అతని పక్కన పెట్టి వచ్చింది.

ఊరి తీర్పుకు వాయిదాలుండవు. మస్తాను అతుకు ఊడి ముసలాయన కాలు పోయిందన్న మాట ఆదివారం సంతకు ముందే పది ఊళ్ళు తిరిగింది. తొలకరికి నాగళ్ళు బాగుచేయించుకునేవాళ్ళు మాచర్ల తీసుకుపోవడం మొదలుపెట్టారు. ఏళ్ళ తరబడి అతని అతుకుల మీద దున్నుకున్నవాళ్ళే, ఒక్కటి విరగని నాగళ్ళను కూడా అనుమానంగా తట్టి చూసుకున్నారు. తాళం సంగతి గుర్తుచేసి ఎవడో షెడ్డు ముందు వెకిలిగా నవ్వాడట. ఆ పైరు కోతకు రాకముందే అతను షెడ్డుకు నిజంగానే తాళమేసి, పెళ్ళాం పిల్లల్ని తీసుకుని కృష్ణ దాటి మిర్యాలగూడ పోయాడు. వదినకు అక్కడ పుట్టిల్లు. ఎక్కడున్నాడో కనుక్కోలేక కాదు. ఆమె తమ్ముడు మాచర్లలో దర్జీ. నా చొక్కాలు అతనే కుట్టేవాడు. ఎప్పుడూ అడగలేదు.

నాయన కాలు అతుక్కుంది గాని, పొట్టిదైపోయింది. మంచం మీదినుంచి లేచిన ప్రతిసారీ, "మస్తానుగాడి అతుకు" అని, రెండో కాలు మోపేవాడు. తిట్టుగా మొదలైంది, పోనుపోను మూలుగుగా మారింది. చివరి రోజుల్లో దేవుణ్ణి తలుచుకోవాల్సిన చోట కూడా ఆయన నోట అదే వచ్చేది. నేను ఆ మాట విన్నప్పుడల్లా పుస్తకం తీసేవాణ్ణి. ఎందుకు ఊగిందో తెలుసుకోవాలి గదా! తెలిస్తే అప్పుడు చెప్పొచ్చు. హైస్కూలు పిల్లల భౌతికశాస్త్రం పాత పుస్తకాలు కొనుక్కుని, తులాదండం పాఠం బట్టీ పట్టాను. ఊయల బల్ల మీద లావు పిల్లవాడు, సన్న పిల్లవాడు కూర్చున్న బొమ్మ ఉండేది. ఏ పుస్తకంలోనూ చెక్క బస్తాలు లేవు, దిగుడు లేదు, బస్తాల మీద వెనక్కి తిరిగి కూర్చున్న నాయన లేడు. ఆ పుస్తకాలు రాసినవాళ్ళ మీద నాకింకా మంటే. బొమ్మలో పిల్లలు ఎప్పుడూ నవ్వుతూనే ఉంటారు. పడరు.

ఇప్పుడు మా రోడ్డు మీద రోజుకు పది తొట్లు పోతాయి, మోటారుసైకిళ్ళ వెనక. పరుపులు, ఉల్లిపాయలు, ప్లాస్టిక్ కుర్చీలు. మైకులో ఒకటే గొంతు, ఒకటే మాట. ఆ కొక్కేలు ఎవరు అతికారో తోలేవాడికి తెలియదు. ఊడితే ఇంకోటి వేయించుకుంటాడు. అతికినవాడి పేరు ఎవడికీ అక్కర్లేదు. అప్పుడైతే ఒక్క అతుకు ఊడితే మనిషి ఊరొదిలి పోవాలి. పేరు లేకుండా బతకడం మేలా, పేరుతో చావడం మేలా అంటే నేను చెప్పలేను. పూర్వం అంతా బాగుండేదని వీధి అరుగుల మీద మాట్లాడే నా ఈడువాళ్ళను చూస్తే ఒళ్ళు మండుతుంది. ఏం బాగుండేది? ఎద్దు నడుం మీద జాలిపడ్డ మనిషి ఉన్నాడు, నిజమే. ఇనుం నడుం మీద కూడా జాలిపడ్డాడు. ఆ జాలే తొట్టిని బోర్లా వేసిందని ఆ రోళ్ళమ్మే ఆమె చెబితే, దాన్ని నేనెక్కడ పెట్టుకోవాలి? నాయనది తప్పా? తప్పంటే నోరు రాదు. కాదంటే మస్తానన్న ఏమైనట్టు?

మూడు రోజులు అలా కొట్టుకుని, నాలుగో రోజు మాచర్లలో బస్సెక్కి, సాగర్ మీదుగా మిర్యాలగూడ పోయాను. దర్జీ ఇచ్చిన గుర్తులు పట్టుకుని వెతికితే, సన్నటి సందులో, గుమ్మం ముందు ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నాడు. మెడ ఇప్పుడు కనిపిస్తోంది, అంత చిక్కిపోయాడు. చూపు ఆనుతున్నట్టు లేదు. కోటయ్యనన్నా, కారంపూడి నుంచి అన్నాను. అతని చేతులు కుర్చీని పట్టుకున్నాయి.

"పెద్దనాయన ఎట్టా ఉన్నాడు?"

"పోయి చానా ఏళ్ళయింది."

"కాలు?"

"పొట్టిగానే ఉండిపోయింది."

తల ఊపాడు. కూర్చోమనలేదు. నేనే గడప మీద కూర్చున్నాను. "నువ్వొచ్చావు గాబట్టి చెబుతున్నా" అని అతనే మొదలుపెట్టాడు. "ఆ కొక్కెం అతికిన పూట కరెంటు సన్నంగా వచ్చింది. మిల్లు నడుస్తా ఉంది గదా. నిప్పు సరిగా పడలా. పైన కప్పుకుంది గాని, లోపలికి దిగిందో లేదోనని నాకు అనుమానమే. మీద ఎక్కి దూకా, నిలబడింది. ఆగుంటే బాగుండేది. పెద్దనాయన మంచం దిగి వస్తన్నాడని తొందరపడ్డా. ఆ రోజు తర్వాత నేను అతుకు ముట్టుకోలా. సైకిళ్ళకి పంచర్లేసి బతికా. ఆయన కాలు నేనిరిచా. చెప్పుకుందామంటే మీ గుమ్మం తొక్కే ధైర్యం లేకపోయింది."

నిరపరాధికి పేరు తిరిగిద్దామని వచ్చినవాడికి, నేరం నాదేనని ఎదురొస్తే ఏం చేయాలి? ఇంతకీ అతుకు మంచిదా, కాదా? ఇప్పుడెవరు తేలుస్తారు? ఆ ముక్క ఏ పాత ఇనుములో కలిసిందో. అయినా చెప్పాను. "అన్నా, అతుకు ముందు ఊడలా. ముందు తొట్టి ఊగింది. దిగుడు సగం నుంచీ ఊగింది. చెక్క బస్తాలు నాయన చివరికి ఏయించాడు, తానూ చివరే కూకున్నాడు. ఎనక బరువైతే ఊగుద్దంట. ఎంత గట్టి కొక్కెమైనా ఊడుద్దంట. ముందు ఊగింది, ఆ తరవాతే ఇరిగింది."

"మళ్ళీ చెప్పు" అన్నాడు. చెప్పాను. ఎంత దూరం ఊగిందని అడిగాడు. నూరు గజాలుంటుందన్నాను. గాలిలో చెయ్యి పెట్టి అటూ ఇటూ ఊపి, ఆ ఊపు చివర మణికట్టు విరిచి చూసుకున్నాడు. ఇంకోసారి ఊపి చూసుకున్నాడు. అతని పెదాలు కదిలాయి, లెక్క వేసుకుంటున్నట్టు. తర్వాత నావైపు తిరిగాడు. ఆ సరిగా చూడలేని కళ్ళతోనే సూటిగా చూశాడు.

"ఆస్పత్రిలో నేనడిగిన రోజు ఇది నీకు తెలుసా?"

"ఊగిందని తెలుసు. ఎందుకు ఊగిందో తెలవదన్నా. మొన్నే తెలిసింది. తెలవంగానే వచ్చా."

"ఎందుకని నేనడిగానా?" అన్నాడు. గొంతు పెంచలేదు. "ఏం జరిగిందని అడిగా."

ఇన్ని పుస్తకాలు ఎందుకు చదివానో, ఏ కారణం కోసం కాచుక్కూర్చున్నానో, ఆ సందులో ఒక్కసారిగా నాకే అర్థం కాకుండా పోయింది. అతనడిగింది నా దగ్గర ఆ రోజే ఉంది. కాశింబీ వదిన ఎప్పుడు వచ్చి తలుపు పట్టుకుని నిలబడిందో చూసుకోలేదు. "అప్పుడెందుకు చెప్పలా నువ్వు?" అన్నదామె. భయం అన్నాను. "ఎవురంటే, మేమంటేనా?" అన్నది. నేనేదో అనబోయాను, ఆమె వినడానికి నిలబడలేదు. లోపలికి పోయి, కొడుక్కి ఫోను కలిపి తెచ్చి మొగుడి చేతిలో పెట్టింది.

కొడుకు బైపాసు రోడ్డులో గేట్లు, గ్రిల్సు చేస్తాడట. అతుకుల పని పెట్టుకుంటానన్న రోజు నుంచి తండ్రి వద్దని నెల రోజులు మాట్లాడలేదట. మస్తానన్న ఫోను నా నోటి దగ్గర పెట్టాడు. "చెప్పు" అన్నాడు. అవతల ఇనుము కోసే మోత. "ఎవరండీ?" అన్నాడు ఆ కొడుకు. చెప్పాను. కారంపూడి అనగానే మోత ఆగింది. మొదటినుంచీ మొత్తం చెప్పాను. మధ్యలో మస్తానన్న ఫోను ఇంకాస్త దగ్గరికి జరిపాడు.

"మరి తప్పెవరిదండీ?" అన్నాడు అతను చివరికి.

నేను మస్తానన్న వైపు చూశాను. అతను నా వైపు చూడటం లేదు; చెవి మాత్రం ఫోను వైపు వంచి ఉన్నాడు. "బస్తాలు సర్దింది మా నాయన. తోలింది నేను. చూసిందీ నేనే, చూసి చెప్పనిదీ నేనే" అన్నాను. "అతుకుది మాత్రం కాదు బాబూ."

మస్తానన్న ఫోను తీసుకున్నాడు. చెవికి పెట్టుకోలేదు. నోటికి దగ్గరగా తెచ్చుకుని, ఒక్క మాటే అన్నాడు.

"ఇన్నావా?"